కలిసిందని ఎవరన్నారు

స్కానింగ్ సెంటరు వెనక గదిలో, బల్ల మీదున్న తెర మీద ఒకటే ముక్క వెలుగుతోంది. డిస్కులేవీ కనబడలేదు, కావలసిన డ్రైవరు పేరు తెలిస్తే కింది వరసలోంచి ఎంచుకోండి, అని. తమ్ముడు అది చదివి, కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ చదివాడు. కోపం రాలేదు. చిరాకూ రాలేదు. ఈమధ్య అతనికి ఏదీ రావడం లేదు.

కనబడకపోవడమేమిటి, డిస్కులు రెండూ ఆ బల్ల కిందే ఉన్నాయి. కాలు చాపితే తగులుతాయి. ఒకటి కొత్తది, పొద్దున్నే అట్టపెట్టెలోంచి తీసి బిగించింది. రెండోది పాతది, మెట్లెక్కి వచ్చిన ముసలాయనలా రొప్పుతూ తిరుగుతోంది. ఆ రొప్పు గదంతా వినిపిస్తోంది. అయినా కంప్యూటరు మాత్రం, అబ్బే, నాకెవరూ కనబడలేదు, అంటోంది.

అక్క గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, చేతిలో దుకాణం ఫోను. ఆమెకిక్కడ పనేమీ లేదు. ఇంట్లో ఉండలేక వచ్చింది, అంతే. దుకాణం ఇంటి ముందుగదే కాబట్టి, దుకాణం మూసి తమ్ముడు బయటికి వెళ్ళాడంటే ఆ ఇంట్లో ఆమె ఒక్కతే మిగులుతుంది. "నేనూ వస్తా," అంది పొద్దున. తమ్ముడు "సరే," అన్నాడు. దార్లో ఇద్దరూ ఇంకో మాట మాట్లాడుకోలేదు.

వాళ్ళ దుకాణం బోర్డు మీద ఏం రాసుందో ఎవరికీ గుర్తుండదు. అందరూ దాన్ని బావాబామ్మర్దుల కొట్టు అనే అంటారు. బావ అంటే అక్క భర్త. బామ్మర్ది అంటే మన తమ్ముడు. చెడిన కంప్యూటర్లు బాగుచెయ్యడం, కొత్తవాటికి సిస్టం ఎక్కించడం వాళ్ళ పని. ఇద్దరూ పొద్దస్తమానం ఒకర్నొకరు ఆడిపోసుకుంటూనే పని చేసేవాళ్ళు. వీళ్ళు కొట్టుకుంటున్నారేమో అని కొత్తవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళు. ఇప్పుడా పేరులో సగం లేదు. బావ పోయి నెల దాటింది. మధ్యాహ్నం భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, కానీ అప్పటికే అయిపోయింది.

ఆ రోజు తమ్ముడే అందరికీ ఫోన్లు చేశాడు. ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని, ఒక్కొక్కరి నంబరే వెతికి, "బావ లేడు," అని చెప్పాడు. కరెంటు లేదు అని చెప్పినట్టే చెప్పాడు. అవతల వాళ్ళు గొల్లుమంటుంటే విని, పెట్టేసి, తర్వాతి నంబరు కొట్టాడు. అక్కకు మాత్రం చెప్పాల్సిన పని రాలేదు. ఆమె లోపల బావ చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ తర్వాత కూడా అతని కంట్లో చుక్క రాలేదు. మొదట్లో, పాపం గుండె రాయి చేసుకున్నాడు, అన్నారు చుట్టాలు. తర్వాత ఏమీ అనడం మానేశారు. అలా మానెయ్యడం అనడం కన్నా హీనం. కిందటి వారం అక్కే ఉండబట్టలేక అడిగేసింది. "ఒరేయ్, ఇన్నేళ్ళు ఒక్క కంచంలో తిన్నట్టు తిరిగారు. నీకసలు బాధ లేదా?" తమ్ముడు ఆలోచించాడు. నిజంగానే, జేబులో తాళం ఉందో లేదో చూసుకున్నట్టు, లోపల తడుముకున్నాడు. "తెలీడం లేదక్కా," అన్నాడు. అంతకంటే ఏడ్చినట్టు నటించి ఉన్నా ఆమె సంతోషించేదేమో. అప్పట్నుంచీ ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

డాక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఈ సెంటరు ఆమెదే. మంచి మనిషే గాని, ఆమెకు కంగారెక్కువ.

"ఎంతవరకొచ్చింది బాబూ? సర్జన్‌గారు రెండుసార్లు ఫోన్ చేశారు."

"డిస్కులు ఇంకా కనబడలేదండి."

"అయ్యో! పోయాయా?"

"పోలేదండి. ఉన్నాయి. దానికి కనబడలేదు, అంతే."

ఆమె తెర వంకా, బల్ల కిందికీ మార్చి మార్చి చూసింది. "మీ బావగారైతే ఈపాటికి..." అని, అక్క అక్కడే ఉన్న సంగతి అప్పుడు చూసి, నాలిక కరుచుకుంది. "ఆ డ్రైవరు గారిని చూస్తే జాలేస్తోందమ్మా," అంది, ఎవర్నీ ఉద్దేశించకుండా. వెళ్ళిపోయింది.

డ్రైవరంటే ముందుగదిలో భార్యతో కూర్చుని ఉన్న బస్సు డ్రైవరు. అతని కాలేయం మీద ఒక మచ్చ ఉంది. కిందటేడు ఇక్కడే తీసిన బొమ్మలోనూ ఉంది. అప్పటికీ ఇప్పటికీ అది పెరిగిందా లేదా అన్నదాన్ని బట్టే, పొట్ట కొయ్యాలా వద్దా అన్నది సర్జన్ తేలుస్తాడు. ఇవాళ్టి బొమ్మ చేతిలో ఉంది. కిందటేడు ఇచ్చిన ఫిల్ము ఇల్లు మారడంలో ఎక్కడో పోయింది. ఇక ఆ బొమ్మ ఉన్నది ఒక్కచోటే, ఆ రొప్పుతున్న పాత డిస్కులో. మరి ఇలాంటివాటికి రెండో కాపీ ఉండద్దా అంటే, ఉండాలి. వచ్చే నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అని డాక్టరమ్మ అంటూ ఉండగానే మొన్న ఉరుముల వాన వచ్చింది. కరెంటు ఎగదన్నింది. సిస్టం ఉన్న డిస్కు మాడిపోయింది, మదర్‌బోర్డు మీద డిస్కులు తగిలించే చోట్లన్నీ మాడిపోయాయి. బొమ్మలున్న డిస్కు మాత్రం విడిగా ఒక కార్డుకు తగిలించి ఉండడంవల్ల బతికింది. ఆ కార్డు పెట్టింది బావ. "బోర్డును నమ్ముకుంటే నట్టేట ముంచుతుంది బామ్మర్దీ," అనేవాడు.

బతికింది అనడమే గాని, అదీ అంతంతమాత్రంగానే ఉంది. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆగి చల్లబడితే మళ్ళీ లేవడం కష్టం. పొద్దున స్విచ్ వేస్తే మూలిగింది, టకటకమంది, ఆగిపోయింది. తీసి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే వరస. చివరికెలాగో తిరిగింది. బొమ్మలన్నీ కొత్త డిస్కుకు ఎక్కేదాకా ఇక దాన్ని ఆపకూడదని, వైరు కూడా ముట్టుకోకూడదని తమ్ముడు అప్పుడే అనుకున్నాడు. లేకపోతే సుబ్బరంగా దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, కొత్తదానికి సిస్టం ఎక్కించుకునేవాడు. ఇప్పుడు రెండూ తగిలించి ఉండగానే, ఒకదాన్ని తుడిచి సిస్టం ఎక్కించాలి, రెండోదాని జోలికి పోకూడదు. పనల్లా అదే.

తమ్ముడు మీటలు నొక్కి రెండో తెర తెరిచాడు. అది నల్లటి ఖాళీ తెర, ఆదేశాలు రాయడానికి. అతను ఎక్కిస్తున్న లినక్స్ సిస్టానికి గుండెకాయ కెర్నెల్. కార్డుతో మాట్లాడాలన్నా, డిస్కుతో మాట్లాడాలన్నా అదే మాట్లాడాలి. కానీ దానికి అన్ని భాషలూ పుట్టుకతో రావు. ఒక్కో రకం కార్డుకు ఒక్కో మాడ్యూలు, ఇందాక తెర అడిగిన డ్రైవరు లాంటిది, ఉంటుంది. అది ఎక్కితేనే కెర్నెల్‌కు ఆ కార్డు భాష తెలుస్తుంది, అప్పుడే ఆ కార్డు వెనకున్న డిస్కు కనబడుతుంది. మామూలుగా అవి వాటంతటవే ఎక్కుతాయి. ఎక్కనప్పుడు మనమే పేరు పెట్టి పిలిచి ఎక్కించాలి.

పిలిచాడు. ముందు కొత్త డిస్కు కోసం పొద్దున బిగించిన కొత్త కార్డు మాడ్యూలు, తర్వాత పాత కార్డుది. వరసలు గబగబా దొర్లాయి. కెర్నెల్‌కు డిస్కులు కనబడిన వరసలోనే పేర్లు పెట్టే అలవాటు. ముందు మేలుకున్నది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ. కొత్త డిస్కు ఎస్‌డీఏ అయింది, పాతది ఎస్‌డీబీ అయింది. మళ్ళీ మొదటి తెరకు వచ్చాడు. ఏ డిస్కును తుడవమంటారు, అని అడుగుతూ రెండు వరసలు నిలబడ్డాయి. రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. అదే కంపెనీ, అదే సైజు. పాతది ఇన్నేళ్ళు బాగా పనిచేసింది కదా, అచ్చం అలాంటిదే తెమ్మని డాక్టరమ్మ పట్టుబట్టింది మరి.

అతని పెదవులు ఏదో గొణిగాయి. అక్క అప్పుడు ఫోనులో ఎవరికో, "ఇవాళ కుదరదండీ, రేపు పంపిస్తాను," అని చెప్తోంది, వినలేదు. అతను మీట నొక్కేలోపే తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదలదు, ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. సిస్టం ఉన్న పెన్‌డ్రైవ్ చెడిపోయినట్టుంది. ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. తమ్ముడు సంచీలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి మార్చి, కరెంటు ఆపకుండానే మిషన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. పాత డిస్కు రొప్పుతూనే ఉంది.

"మళ్ళీ మొదట్నించా?" అంది అక్క.

"ఊఁ."

మళ్ళీ అదే ముక్క వచ్చింది. డిస్కులేవీ కనబడలేదు. మళ్ళీ నల్ల తెర తెరిచాడు. కార్డుల పేర్లు చూపించమన్నాడు. పాత కార్డు పేరు పైన ఉంది, కొత్తది కింద. పైనున్నది ముందు, కిందున్నది తర్వాత, అలాగే మాడ్యూళ్ళు పిలిచాడు. ఇందాక తను పిలిచింది ఈ వరసలో కాదన్న ఆలోచన అతనికి రాలేదు. వచ్చి ఉండాలి. బావ ఉన్నప్పుడైతే వచ్చేది, ఒకవేళ రాకపోయినా ఏం కాకపోయేది.

ఎందుకంటే బావ ఒక పద్ధతి పెట్టాడు. డిస్కు తుడిచే ముందు ఒక్కడి మాట చెల్లదు. ఒకరు తెర మీద డిస్కు నంబరులో చివరి నాలుగక్షరాలు పైకి చదవాలి. ఇంకొకరు బల్ల కింద దూరి, డిస్కుకు అంటించిన కాగితం మీద ఆ అక్షరాలే ఉన్నాయో లేదో కళ్ళారా చూడాలి. "నీ కళ్ళు నీకు కావాల్సిందే చూపిస్తాయి బామ్మర్దీ, నోరు తెరిచి చదువు," అనేవాడు. విచిత్రమేమిటంటే, బల్ల కింద దూరేది ఎప్పుడూ బావే. అంత పొట్ట వేసుకుని, మూలుగుతూ, తల బల్లకు కొట్టుకుంటూ, "మీ అక్క వంట మానేస్తే గాని నేనిందులో పట్టను," అంటూ దూరేవాడు. చూసి, బల్ల కిందనుంచే కేకేసేవాడు. "కలిసింది బామ్మర్దీ, కొట్టు!" అప్పుడు తమ్ముడు మీట కొట్టేవాడు. వంటింట్లో ఉన్న అక్కకు ఆ కేక, కుక్కరు కూతలాగే, రోజూ వినబడే చప్పుడు. కలవని రోజున మాత్రం, "చెయ్యి తియ్యి!" అని అరిచేవాడు. ఆ అరుపుకు ఆమె కూడా గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చేది.

తెర మీద మళ్ళీ రెండు వరసలు వచ్చాయి. బాణం మొదటి దాని మీదుంది. తమ్ముడు నల్ల తెరకు వెళ్ళి నంబర్లు చూసి తిరిగొచ్చాడు.

"ఎస్‌డీఏ," అన్నాడు పైకి. "చివరి నాలుగూ ఏడు, కే, తొమ్మిది, ఎఫ్." ఒక్క క్షణం ఆగాడు. గొంతు కాస్త బొంగురు చేసి, "కలిసింది," అన్నాడు. వేలు మీట మీదికి వెళ్ళింది.

"కలిసిందని ఎవరన్నారు?" అంది అక్క.

"నేనే."

"అది వినబడింది. చూసిందెవరు?"

తమ్ముడు తల తిప్పి ఆమె వంక చూశాడు. ఆమె స్టూలు మీదనుంచి లేచి నిలబడింది.

"ముందు చెయ్యి తియ్యి," అంది.

తీశాడు.

అక్క సంచీ కింద పెట్టింది, ఫోను లైటు వేసింది, కొంగు నడుముకు దోపి బల్ల కింద దూరింది. ఆమెకేమీ పొట్ట లేదు, సులువుగానే దూరింది. అయినా తల బల్లకు తగిలింది. "ఏది కొత్తది?" అంది.

"దుమ్ము లేనిది."

"నాలుగక్షరాలు ఎక్కడుంటాయి?"

"గీతల కింద నంబరుంటుంది. దాని చివర."

బల్ల కిందనుంచి ఆమె గొంతు వచ్చింది. "మూడు. డబ్ల్యు. సున్నా. సున్నా." ఆగి, "నువ్వు చదివింది ఇది కాదు," అంది.

తమ్ముడు తెర వంక చూశాడు. "దుమ్ము పట్టినదాని మీద చూడక్కా."

"ఏడు. కే. తొమ్మిది."

"ఎఫ్," అన్నాడు తమ్ముడు.

"ఎఫ్," అంది అక్క.

పాత డిస్కు రొప్పు ఒక్కటే వినిపిస్తోంది. ముందుగదిలో డ్రైవరు దగ్గాడు. అతని భార్య మంచినీళ్ళు కావాలా అని అడిగింది. గోడ పలచన, అన్నీ వినబడుతున్నాయి.

"నొక్కేసి ఉంటే?" అంది అక్క.

"ఆయన బొమ్మ పోయేది. అందరివీ పోయేవి." అదేదో వేరే ఊళ్ళో జరిగిన సంగతిలా చెప్పాడు. నిజానికి అతని చేతులు చల్లబడ్డాయి. అది మాత్రం అతనికి తెలిసింది.

"నెల నుంచీ ఇలాగే చేస్తున్నావా? నువ్వే చదివి, నువ్వే కలిసిందనుకుని?"

"ఊఁ."

"ఎందుకురా? చూస్తే చూడు, లేకపోతే నోరు మూసుకుని చెయ్యి. ఈ నాటకమెందుకు?"

అక్క బల్ల కిందనుంచి బయటికి రాలేదు, అక్కడే కూర్చుని ఎదురుచూసింది. ఆమెకు అతని మొహం కనబడదు, అతనికి ఆమెది కనబడదు. అందుకే కాబోలు చెప్పగలిగాడు.

"చదివాక జవాబు రావాలిగా అక్కా. రాకపోతే చెయ్యి కదలడం లేదు."

లైటు వెలుగు నేల మీద కొంచెం కదిలి, మళ్ళీ నిలబడింది.

"సరే," అంది చివరికి. "చదువు."

తమ్ముడు బాణాన్ని రెండో వరస మీదికి దించాడు. నల్ల తెరకు వెళ్ళి చూసి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎస్‌డీబీ. చివరి నాలుగూ మూడు, డబ్ల్యు, సున్నా, సున్నా."

"మూడు," అంది అక్క బల్ల కింద. "డబ్ల్యు. సున్నా. సున్నా. కలిసింది."

అతని వేలు మీట మీదుంది. జవాబు వచ్చింది. అయినా నొక్కలేదు. ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు వింటూ కూర్చున్నాడు. మూలుగు, బల్లకు తల కొట్టుకున్న చప్పుడు, బామ్మర్దీ అన్న పిలుపు, కొట్టమని కేక. అవి వస్తాయని తను నెలరోజులుగా ఎదురుచూస్తున్నాడని, ఆ ఖాళీ తెలియకుండా తన గొంతే మార్చి పూడ్చుకుంటున్నాడని, అప్పుడు తెలిసింది. బల్ల కింద అక్క ఉంది. అక్కడ ఉండాల్సిన మనిషి లేడు.

"బావ లేడక్కా," అన్నాడు.

అంతమందికి ఫోనులో చెప్పిన మాటే. అప్పుడు అంత సులువుగా వచ్చింది, ఇప్పుడు ముక్కలైపోయి బయటికి వచ్చింది. ఎవరికి చెప్తున్నాడో కూడా చూసుకోలేదు.

బల్ల కింద అక్క ఫోను నేల మీద పెట్టింది.

"తెలుసురా," అంది. ఆమె చెయ్యి బయటికి వచ్చి, తడుముకుని, అతని పాదం మీద ఆగింది. "కొట్టు."

అతను తెర వంక చూశాడు. అక్షరాలన్నీ నీళ్ళు పడ్డట్టు అలుక్కుపోయి ఉన్నాయి. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటే మళ్ళీ అలుక్కుపోయాయి. తలుపు అవతల డాక్టరమ్మ, ఇంకొంచెంసేపు కూర్చోండి, అయిపోతుంది, అని డ్రైవరుకు చెప్తోంది.

"కనబడడం లేదక్కా," అన్నాడు. "ఇంకోసారి చూడు."

అక్క విసుక్కోలేదు. లైటు దగ్గరగా పెట్టి మళ్ళీ మొదట్నించీ చదివింది. ఈసారి ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, అతను తన వెనకే అనేదాకా ఉండి, తర్వాతది చదివింది. చివరి సున్నా ఇద్దరూ అన్నాక, అతను మీట నొక్కాడు.